గింజల్లో బలం

విశాఖ బీచ్ రోడ్డు మీద కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం ఉంది. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందిన మనిషి ఆయన. తిరిగొచ్చి కొన్నాళ్లు బడిపిల్లలకు కసరత్తు నేర్పారు. తర్వాత సొంతంగా సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. ఛాతీకి ఇనప గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగబట్టి తెంచడం, రెండు వైపులకీ లాగే కార్లను రెండు చేతులతో ఆపడం, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన ప్రదర్శనలు. జనం కలియుగ భీముడన్నారు. 1942లో కన్నుమూశారు. ఆయన శాకాహారి.

ఈ చివరి మాట వినగానే ఉత్తరాంధ్రలో చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. ఇక్కడ బలమంటే నాటుకోడి పులుసు, వంజరం ముక్క, ఉడకబెట్టిన గుడ్లు. విజయనగరం జిల్లా కొండవెలగాడ లాంటి ఊళ్లో ఇంటింటా బరువులెత్తే పిల్లలుంటారు. అక్కడ ఏ తల్లిని అడిగినా కండ పెరగడానికి ముందు గుడ్డే గుర్తుకొస్తుంది. అది తప్పేమీ కాదు. కానీ మాంసం, చేప, గుడ్డు, చివరికి పాలు కూడా మానేసిన ఆటగాడు పెద్ద పోటీల్లో నిలబడగలడా? ఈ ప్రశ్న ఇప్పుడు జిమ్ముల్లో, మైదానాల్లో, ఇంట్లో భోజనాల దగ్గర గట్టిగానే వినిపిస్తోంది. దానికి శరీరశాస్త్రం చెప్పే జవాబు మన కంచం దగ్గరికొచ్చేసరికి ఎలా మారుతుందో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఆ కాలపు మల్లయోధుల శాకాహారంలో పాలు, నెయ్యి, బాదంపప్పు ముఖ్యమైనవి. పాలలో మంచి ప్రొటీనుంది, కాల్షియముంది, బి12 ఉంది. అందుకని పాలు తాగే శాకాహారి పని చాలా తేలిక. పూర్తిగా మొక్కల మీదే ఆధారపడే వీగన్ పని వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి వాదించుకోవడం వల్లే సగం గందరగోళం. ఇక్కడ నేను రెండోదాని గురించే మాట్లాడతాను. అది నిలబడితే మొదటిది ఎలాగూ నిలబడుతుంది.

మాంసం తింటేనే కండ పనిచేస్తుందన్న నమ్మకానికి పల్లెటూరి అనుభవంతో పాటు పందొమ్మిదో శతాబ్దపు సైన్సూ ఊతమిచ్చింది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ఆ కాలంలో తిరుగులేని పెద్దమనిషి. కండరం పనిచేసేటప్పుడు తనలోని ప్రొటీన్నే ఖర్చుచేస్తుందనీ, ఆ లోటు పూడ్చాలంటే ప్రొటీన్ బాగా తినాలనీ ఆయన వాదం. దాన్ని పరీక్షించడానికి 1865లో అడాల్ఫ్ ఫిక్, యోహానెస్ విస్లిసేనస్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు స్విట్జర్లాండ్‌లో ఫాల్‌హార్న్ శిఖరం ఎక్కారు. సరస్సు ఒడ్డు నుంచి 1,956 మీటర్ల ఎక్కుడు. మన తూర్పు కనుమల్లో అర్మకొండ సముద్రమట్టం నుంచి 1,680 మీటర్లే, కాబట్టి ఆ శ్రమ ఎంతో ఊహించుకోవచ్చు. ముందురోజు నుంచీ వాళ్లు ప్రొటీన్ లేని తిండి తిన్నారు. ముఖ్యంగా పిండిపదార్థంతో చేసి కొవ్వులో వేయించిన బిళ్లలు, చక్కెర వేసిన టీ. మూత్రాన్ని పట్టి, అందులోని నత్రజని కొలిచారు. ఒక్కొక్కరి ఒంట్లో ఖర్చయిన ప్రొటీన్ 40 గ్రాముల లోపే. ఆ కొద్దిపాటి ప్రొటీన్ మనిషిని అంతెత్తు మోసుకెళ్లలేదని లెక్క తేల్చింది. కొండ ఎక్కించింది పిండీ, కొవ్వూ.

ప్రొటీన్ కండరానికి ఇంధనం కాదు, నిర్మాణ సామగ్రి. ఆటగాడి ఆహారం గురించి ఏ చర్చ మొదలెట్టినా మొదట గుర్తుంచుకోవలసింది ఇదే. పరుగుకు ఇంధనం కావాలి. ఆ విషయంలో అన్నం, అరటిపండు, బెల్లం తినేవాడికి మాంసం తినేవాడి ముందు ఏ లోటూ లేదు. పైగా కొంచెం మేలే. కండ కట్టడానికీ, చితికిన పోగులను బాగుచేసుకోవడానికీ మాత్రం ప్రొటీన్ కావాలి. అక్కడ లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి.

మరి క్షణకాలపు పేలుడు శక్తి ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో మనవాడే ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను బయటపెట్టాడు. రెండేళ్ల తర్వాత వాళ్లిద్దరూ ఏటీపీని కూడా వేరుచేశారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. కండరం సంకోచించాలంటే ఏటీపీ విరగాలి. కానీ కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ ఒకటి రెండు సెకన్లకు మించి రాదు. అది అయిపోతుంటే వెంటనే మళ్లీ తయారుచేసిచ్చేది ఫాస్ఫోక్రియేటిన్. పది సెకన్ల దాకా అదే ఆదుకుంటుంది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆ కొన్ని సెకన్ల ఎత్తుడులో ఆమె కండరాలు వాడుకున్నది భీమవరం డాక్టరు గుర్తించిన ఆ పదార్థాన్నే.

ఇది మొక్కల ఆహారం తినేవాళ్లకు నేరుగా సంబంధించిన విషయం. క్రియేటిన్ మాంసంలో, చేపలో ఉంటుంది, మొక్కల్లో దాదాపు ఉండదు. మన కాలేయం, మూత్రపిండాలు కలిసి రోజుకు ఒక గ్రాము దాకా తయారుచేసుకుంటాయి. మాంసం తినేవాళ్లకు తిండి ద్వారా ఇంచుమించు మరో గ్రాము వస్తుంది. అందుకే శాకాహారుల కండరాల్లో క్రియేటిన్ నిల్వ కాస్త తక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. సుదూర పరుగులకు ఇది పెద్ద లోటు కాదు. బరువులెత్తేవాళ్లకూ, 100 మీటర్లు పరిగెత్తేవాళ్లకూ, పదే పదే దూకి స్మాష్‌లు కొట్టేవాళ్లకూ పట్టించుకోవలసిన లోటే. పూడ్చుకోవడం మాత్రం సులువు. దుకాణాల్లో దొరికే క్రియేటిన్ మోనోహైడ్రేట్ జంతువుల నుంచి తీసింది కాదు, కర్మాగారంలో రసాయనాలతో తయారైనది. రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. నిల్వ తక్కువగా ఉన్నవాళ్లకే దానివల్ల ఎక్కువ లాభం కూడా. అయితే డబ్బా కొనేటప్పుడు దాన్ని నిషిద్ధ పదార్థాల కోసం పరీక్షించారో లేదో చూడాలి. డోపింగ్ నియమాల ప్రకారం ఒంట్లో దొరికినదానికి ఆటగాడే బాధ్యుడు. తెలియక తిన్నానంటే నిర్దోషి అయిపోడు.

ఇక కంచం దగ్గరకు వద్దాం.

గట్టిగా సాధన చేసే ఆటగాడికి ఒంటి బరువులో ప్రతి కిలోకీ రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలని క్రీడాపోషణ నిపుణుల సంఘాలు చెబుతాయి. 49 పరిశోధనలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, సగటున 1.6 గ్రాములు దాటాక కండ పెరుగుదలలో అదనపు లాభం కనిపించలేదు. 60 కిలోల అమ్మాయికి అది 96 గ్రాములు. మరి మన ఇంట్లో మామూలు శాకాహార భోజనం ఎంతిస్తుంది? రోజంతటికీ 400 గ్రాముల బియ్యం వండుకుందనుకుందాం. అందులో 32 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. చారులోకీ పప్పులోకీ కలిపి 30 గ్రాముల కందిపప్పు పడితే ఇంకో ఆరున్నర. కూరలు, పచ్చళ్లు అన్నీ కలిపి మరో ఐదారు. మొత్తం 45 దగ్గర ఆగిపోతుంది. కావలసినదానిలో సగం కూడా లేదు.

నా అభిప్రాయంలో అసలు చిక్కు ఇదే. మాంసం మానడం వల్ల ఎవరూ బలహీనపడరు. మాంసం మాని, ఆ ఖాళీలో ఇంకో గరిటెడు అన్నం వేసుకోవడం వల్ల బలహీనపడతారు. మన శాకాహారంలో పప్పు అన్నానికి అంటుకునే రుచి మాత్రమే అయిపోయింది. ఆటగాడి కంచంలో అది అన్నంతో సమానంగా కూర్చోవాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు తిరగేస్తే ధైర్యం వస్తుంది. 100 గ్రాముల ఉలవల్లో, కందిపప్పులో 21 గ్రాముల పైచిలుకు ప్రొటీన్. పెసల్లో 22. వేరుశనగ గింజల్లో 23. చింతపల్లి, లంబసింగి వైపు మన్యం రైతులు పండించే రాజ్‌మాలో 20 దాకా. సోయా చిక్కుడులో 35 దాటుతుంది. నూనె తీసిన సోయాపిండితో చేసే మీల్‌మేకర్‌లో 50 పైన. పెళ్లి భోజనాల్లో మసాలా కూరగా మాత్రమే కనిపించే ఈ మీల్‌మేకర్‌కు ప్రొటీన్ గ్రాము లెక్కన ధర కడితే, జిమ్ముల్లో అమ్మే డబ్బాలేవీ దాని దరిదాపుల్లోకి రావు.

అదే అమ్మాయికి రోజంతా కంచం మార్చి చూద్దాం. పొద్దున సాధనకు ముందు 50 గ్రాముల చోడిపిండితో అంబలి. సాధన అయ్యాక 80 గ్రాముల పెసలతో పెసరట్లు, అల్లం పచ్చడి. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యపు అన్నం, 60 గ్రాముల కందిపప్పుతో గట్టిగా చేసిన తోటకూర పప్పు. సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు, గుప్పెడు పల్లీలు, చెరో 50 గ్రాములు. రాత్రి జొన్నరొట్టెలు, 50 గ్రాముల మీల్‌మేకర్ కూర. కూడితే 100 గ్రాములు దాటుతుంది. మొక్కల ప్రొటీన్ మాంసంలోదానికన్నా కొంత తక్కువగా జీర్ణమవుతుంది కనుక పదో వంతు అదనంగా పెట్టుకోమంటారు. ఆ అదనమూ ఇంచుమించు ఇందులోనే సరిపోయింది. ఇందులో విదేశాల నుంచి తెప్పించుకోవలసిన దినుసు ఒక్కటీ లేదు. అన్నీ రైతుబజారులో, వీధి చివరి కిరాణా కొట్టులో దొరికేవే.

గింజల ప్రొటీన్‌కు ఇంకో ఫిర్యాదు ఉంది, అది అసంపూర్ణమని. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది దండిగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. రెండూ తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. రెండూ ఒకే పూట పడాలన్న నియమం కూడా లేదు. రోజులో ఎప్పుడు తిన్నా శరీరం సర్దుకుంటుంది. ఇక కండకు కట్టుబడి మొదలెట్టమని చెప్పే సంకేతం లూసిన్. అది సోయాలో, వేరుశనగలో, పప్పుల్లో ఉంది కానీ పాలప్రొటీన్‌లో ఉన్నంత చిక్కగా లేదు. పూటకు 25, 30 గ్రాముల ప్రొటీన్ పడేలా చూసుకుంటే ఆ లోటూ తీరుతుంది. బ్రెజిల్‌లో 2021లో వెలువడిన ఒక పరిశోధనలో 19 మంది వీగన్ యువకులనూ, 19 మంది మాంసాహారులనూ 12 వారాలు కాళ్ల కసరత్తు చేయించారు. మొదటివాళ్లకు సోయా, రెండోవాళ్లకు పాలవిరుగుడు ప్రొటీన్ ఇచ్చి, ఇద్దరికీ కిలోకు 1.6 గ్రాములు అందేలా చూశారు. కండ పెరగడంలోనూ, బలం పెరగడంలోనూ తేడా కనబడలేదు. వాళ్లు అప్పటికి ఆరితేరిన క్రీడాకారులు కారు కనుక ఒలింపిక్ స్థాయికి దీన్ని యథాతథంగా వర్తింపజేయలేం. ఆ స్థాయికి కార్ల్ లూయిస్ ఉన్నాడు. వీగన్ ఆహారానికి మారాక, 30 ఏళ్ల వయసులో, 1991 ఆగస్టులో టోక్యోలో 100 మీటర్లను 9.86 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఒక్క మనిషి ఉదాహరణతో సిద్ధాంతం రుజువు కాదు. అసాధ్యమన్న మాట మాత్రం అబద్ధమని తేలిపోతుంది.

విశాఖకే చెందిన ఉదాహరణ ఒకటుంది. 2018 అక్టోబరు 24న ఇక్కడి మధురవాడ స్టేడియంలో వెస్టిండీస్ మీద విరాట్ కోహ్లి 157 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. 205వ ఇన్నింగ్స్‌లో వన్డేల్లో పదివేల పరుగులు పూర్తిచేశాడు. అంత వేగంగా ఆ మైలురాయి చేరినవాళ్లు అంతకు ముందు లేరు. ఆ వేసవిలో ఇంగ్లండ్ పర్యటన మధ్యలోనే మాంసం మానేశానని తర్వాత ఒక సంభాషణలో చెప్పాడు. మెడ ఎముకల నొప్పి, ఒంట్లో యూరిక్ ఆమ్లం పెరగడం అందుకు కారణాలన్నాడు. తాను వీగన్ని కాననీ, శాకాహారిననీ ఆపైన వివరించాడు కూడా. మాంసంలోని ప్యూరిన్ల వల్ల యూరిక్ ఆమ్లం పెరుగుతుందన్నది నిజమే. కానీ మాంసం ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుందన్న మాటకు ఇటీవలి పరిశోధనల్లో బలం దొరకలేదు. పైపెచ్చు బ్రిటన్‌లో దాదాపు 55 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2020లో వెలువరించిన అధ్యయనంలో, వీగన్లలోనే ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువగా కనిపించింది. తుంటి ఎముక విషయంలోనైతే రెండింతల పైనే.

ఆ వీగన్లు సగటున తక్కువ కాల్షియం, తక్కువ ప్రొటీన్ తింటున్నారు. బరువూ తక్కువే. వాళ్లకు లేనిది మనకున్నది చోళ్లు. మిగతా ఆంధ్రులు రాగులనే ఈ గింజలో 100 గ్రాములకు 360 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంది. ఏ ధాన్యంలోనూ ఇంత లేదు. విజయనగరం వ్యవసాయ పరిశోధనా కేంద్రం దశాబ్దాలుగా కొత్త చోడి వంగడాలు తీస్తూనే ఉంది. అయితే గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్నీ, ఇనుమునూ, జింకునూ గట్టిగా పట్టి ఉంచుతుంది. చోడిపిండిని ముందురోజు నానబెట్టి, పులియనిచ్చి, మర్నాడు అంబలి కాచే పద్ధతి ఇక్కడే అక్కరకొస్తుంది. పులిసేటప్పుడు ఫైటేజ్ ఎంజైము ఆ పట్టును విడదీస్తుంది. గింజ మొలకెత్తినా అదే జరుగుతుంది. మన ముత్తవ్వలకు ఎంజైముల పేర్లు తెలియకపోయినా పులిసిన అంబలి తాగి పొలం పనికి పోతే ఒళ్లు నిలబడుతుందని తెలుసు. వాళ్లు చేసినదాన్ని వదిలేసి, పంచదార వేసిన, అప్పటికప్పుడు కలుపుకునే రాగిపొడుల డబ్బాలకు వెళ్లడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇనుము సంగతి ఇంకా తీవ్రమైనది. బైలదిల్లా గనుల ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం మీదుగా విశాఖ రేవుకు చేరి ఓడలెక్కుతుంది. గాజువాక దాటితే ఉక్కు కర్మాగారం. ఈ ఊరి ఆడపిల్లల నెత్తురులో మాత్రం ఇనుము చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆటలాడే అమ్మాయికి నెలసరితో పాటు చెమటలో, పాదాలు నేలను కొట్టినప్పుడు చితికే ఎర్ర కణాల్లో కూడా ఇనుము పోతుంది. మొక్కల్లోని ఇనుము మాంసంలోదానిలా తేలిగ్గా ఒంటబట్టదు. అందుకే శాకాహారులకు ఇనుము అవసరం దాదాపు 1.8 రెట్లుగా లెక్కగట్టారు.

దీనికి మార్గాలున్నాయి, ఖరీదైనవీ కావు. పప్పులో నిమ్మకాయ పిండితే, ఉసిరి పచ్చడో జామపండో తోడైతే, విటమిన్ సి ఇనుము శోషణను పెంచుతుంది. తినగానే టీ తాగితే అందులోని టానిన్లు దాన్ని దెబ్బతీస్తాయి. కనీసం గంట ఎడం ఉండాలి. ఇంకో విషయం కొత్తగా తెలిసింది. గట్టి సాధన తర్వాత మూడు నుంచి ఆరు గంటల మధ్య ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, పేగుల్లో ఇనుము దారి మూసేస్తుంది. కాబట్టి ఇనుము దండిగా ఉండే భోజనమో, డాక్టరు రాసిన ఐరన్ మాత్రో సాధనకు ముందుగానీ, అయిన వెంటనేగానీ తీసుకోవడం మేలు. హిమోగ్లోబిన్‌తో సరిపెట్టకుండా ఫెరిటిన్ కూడా పరీక్షించాలి. నిల్వలు ఖాళీ అవుతున్న సంగతి మొదట చెప్పేది అదే.

బి12 దగ్గర మాత్రం రాజీ లేదు. ఈ విటమిన్‌ను మొక్కలూ తయారుచేయవు, జంతువులూ తయారుచేయవు. చేసేవి బ్యాక్టీరియా. ఆవు కడుపులో, మేక కడుపులో అవి చేసింది పాలలోకీ మాంసంలోకీ వస్తుంది. పాలు కూడా మానేసిన మనిషికి అన్నిటికన్నా నమ్మదగిన దారి మాత్రే. స్పిరులినాలో ఉందంటారు. అందులో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మనకు పనికిరాని నకిలీ రూపం. ఇడ్లీపిండిలో పులుపు వల్ల వస్తుందంటారు. దానిమీద ఆధారపడలేం. రోజు అవసరం రెండు మైక్రోగ్రాముల పైచిలుకే అయినా, ఒక విడతలో మన పేగు గట్టిగా పీల్చుకోగలిగేది ఆ మాత్రమే కనుక మాత్రల మోతాదు ఎక్కువగా ఉంటుంది. ఎంత, ఎన్నాళ్లకోసారి అన్నది పరీక్ష చూసి డాక్టరు చెప్పాలి.

దీని ప్రమాదం ఆలస్యంగా బయటపడటంలో ఉంది. కాలేయంలో బి12 నిల్వ ఏళ్లపాటు వస్తుంది. మాంసం, పాలు మానేసిన మొదటి రెండేళ్లలో ఆటగాడు తేలిగ్గా, హుషారుగా ఉన్నానని చెబుతాడు. అది నిజమే కావచ్చు. ఆ తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు, తూలు, అలసట మొదలవుతాయి. పైగా మొక్కల ఆహారంలో ఫోలేట్ దండిగా ఉండటం వల్ల, రక్తహీనత కనబడకుండానే లోపల నరాలు దెబ్బతినవచ్చు. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధక బృందానికి నాయకుడూ సుబ్బారావే. ఆకుకూరలు ఇచ్చే ఆ మేలును, బి12 లోటు ఒక్కటే కీడుగా మార్చగలదు. దెబ్బతిన్న నరాలు కొన్నిసార్లు పూర్తిగా కోలుకోవు. అందుకే ఏ కోచ్ అయినా శిష్యుడు పాలు కూడా మానేశానని చెప్పిన రోజే బి12 గురించి అడగాలని నేను పట్టుబడతాను.

చేప మానితే ఒమేగా-3 ఎలా అన్నది విశాఖవాళ్లు తప్పక అడిగే ప్రశ్న. దానికి జవాబు మన సముద్రంలోనే ఉంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్, ఇక్కడి విద్యార్థులతో కలిసి ఈ తీరంలో అడుగునీరు పైకి ఉబికి రావడాన్ని గమనించాడు. ఆ నీటితో వచ్చే లవణాల మీద సూక్ష్మ శైవలాలు పెరుగుతాయి, వాటి మీద చేపలు. చేపలోని ఒమేగా-3 మొదట ఆ శైవలాలు చేసినదే. కాబట్టి చేపను దాటి నేరుగా శైవలాల నూనె గుళికలు తీసుకోవచ్చు. అవిసెగింజల్లో ఉండేది వేరే రూపం. దాన్ని ఒళ్లు చాలా కొద్దిగా మాత్రమే మార్చుకోగలదు.

మొక్కల ఆహారానికి సొంత బలాలూ ఉన్నాయి. తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్ ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది. అదే వేగంతో పనిచేయడానికి ఆక్సిజన్ ఖర్చు తగ్గుతుందని ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో 2009లో చేసిన ప్రయోగాల్లో తేలింది. సుదూర పరుగుకు కావలసిన గ్లైకోజన్ నింపడంలో అన్నం, అరటిపండ్లు, అనకాపల్లి బెల్లం మేటి. బీచ్ రోడ్డు ఉక్కపోతలో గంటసేపు పరిగెత్తిన మనిషికి ఉప్పు, నిమ్మరసం వేసిన పల్చటి అంబలి నీటినీ, సోడియాన్నీ, పిండినీ ఒక్కసారే అందిస్తుంది.

ఈ ఆహారంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది పీచు. పీచు మంచిదే, కానీ కడుపు త్వరగా నింపేస్తుంది. పైన చెప్పిన రోజువారీ కంచాన్ని లెక్కేస్తే 2,000 కేలరీల దగ్గరే ఆగుతుంది. రెండు పూటలా సాధన చేసే అమ్మాయికి 2,800 దాకా కావచ్చు. ఆకలి తీరిపోయింది కనుక తిండి చాలిందనుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ నెలసరి తప్పుతుంది, కాలి ఎముకలో సన్నటి పగులు వస్తుంది, జలుబు వదలదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ఒక పేరు పెట్టి, మగవాళ్లలోనూ ఉంటుందని హెచ్చరించింది. నెలసరి ఆగడం కఠిన సాధనకు గుర్తని గర్వపడే కోచ్‌లు ఇంకా ఉన్నారు. అది ప్రమాద సూచన. పల్లీల ముద్ద, నువ్వుల ఉండలు, కొబ్బరి, కాస్త ఎక్కువ నూనె, పరుగుకు ముందు పీచు తక్కువున్న ఇడ్లీ, అరటిపండు. ఇలా కడుపు బరువెక్కకుండా శక్తి పెంచుకోవాలి. ఉలవలూ శనగలూ పోటీ రోజు పొద్దున తినవలసినవి కావు. వాటిలోని రాఫినోజ్, స్టాకియోజ్ చక్కెరలను పెద్దపేగు బ్యాక్టీరియా గ్యాసుగా మారుస్తుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి వండితే కొంత తగ్గుతుంది.

ఇన్ని చెప్పాక కూడా ఒక మాట దాచలేను. జాగ్రత్తగా లెక్కేసుకుని, పరీక్షలు చేయించుకుని, మాత్రలు కొనుక్కోగల ఆటగాడికి మొక్కల ఆహారం పూర్తిగా సరిపోతుంది. కూలిపనికి పోయే అమ్మానాన్నల బిడ్డకు, హాస్టల్లో పెట్టింది తినే పిల్లకు, గుడ్డు ఇప్పటికీ అతి చవకైన మంచి ప్రొటీన్. దాంతో బి12 కూడా వస్తుంది. ఎవరి సిద్ధాంతం కోసమూ ఆ గుడ్డు వాళ్ల కంచం నుంచి తీయకూడదు.

గుడ్డు తినని పిల్లల సంగతి మరి? రాష్ట్రంలో మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ ఇస్తున్నారు. 2023లో రాగిజావ కూడా చేర్చారు. కానీ గుడ్డు వద్దన్న పిల్ల ఆ పూట దాని ప్రొటీన్ పోగొట్టుకుంటుంది. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. 25 గ్రాముల పల్లీల్లో అంతే ఉంది. 12 గ్రాముల మీల్‌మేకర్‌లో అంతే ఉంది. 30 గ్రాముల వేయించిన శనగల్లోనూ ఉంది. బళ్లల్లో, క్రీడా హాస్టళ్లలో గుడ్డు తినని ప్రతి బిడ్డకూ ఆ గుప్పెడు గింజలు కొలిచి పెట్టాలి. హాస్టల్ పిల్లలు పాలు కూడా తాగనివాళ్లయితే ఏడాదికోసారి ఫెరిటిన్, బి12 పరీక్ష చేయించి, లోటున్నవాళ్లకు మాత్ర ఇవ్వాలి. ఈ పని జిల్లా స్థాయిలోనే మొదలుపెట్టవచ్చు, కొత్త పథకం కోసం ఎదురుచూడనక్కరలేదు.